అన్నది అన్నట్టే రాసుకున్నారు

మా ఎదురింటి అక్క నోరు తెరిస్తే ఎవరో ఒకరు చచ్చిపోవాల్సిందే. మామూలుగా మాట్లాడటం ఆవిడకి రాదు. మెట్లెక్కి వస్తే "ప్రాణం పోయింది" అనేది. సూది కనబడకపోతే "నా కొంప మునిగింది" అనేది. ఎండ కాస్త ముదిరితే మాడి మసైపోయేది, చలి కాస్త పెరిగితే కొయ్యబారిపోయేది. బిల్డింగులో పిల్లాడెవడైనా చిరిగిన యూనిఫారం పట్టుకొచ్చి పొద్దున్నకల్లా కావాలంటే, "నీ కాళ్ళు విరగ్గొడతా వెధవా, ఇప్పుడా చెప్పడం" అని, ఆ మాట పూర్తయ్యేలోపే వాడి చేతిలో బిస్కెట్టు పెట్టి, నిక్కరు కుట్టుమిషను కిందికి తోసేసేది. ఆ పిల్లలే ఆవిడకి టపాకాయ పెద్దమ్మ అని పేరు పెట్టారు. చాటుగా కూడా కాదు, మొహమ్మీదే పిలిచేవాళ్ళు. ఆవిడకి కోపం రాలేదు సరికదా, "అవున్రా, దగ్గరికొస్తే పేల్తాను" అనేది.

ఆవిడ కొత్త బట్టలు కుట్టేది కాదు. పాతవి బాగుచేసేది. జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చేయడం, ఒళ్ళొచ్చినవాళ్ళ కోట్లు వదులు చేయడం, తగ్గినవాళ్ళవి బిగించడం. ముందుగదిలో కిటికీ కింద మిషను. గోడకి మేకులు కొట్టి హాంగర్లు తగిలించి ఉండేవి. ఏ ప్యాంటు ఎవరిదో, ఎవరి కోటుకి ఏ గుండీ ఊడిందో అన్నీ నోటికే. పాత బిస్కెట్ల డబ్బా నిండా జిప్పు రన్నర్లు. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది, దానితోనే నిద్రపోయేదంటే నమ్మండి. నాది స్కూల్లో గదులు ఊడ్చే పని. మధ్యాహ్నానికి ఇంటికొచ్చేదాన్ని. మూడో అంతస్తులో మా రెండు తలుపులూ ఎదురెదురు. నా గుమ్మంలో చెప్పులు విప్పి ఆవిడ గుమ్మంలో కూర్చునేదాన్ని, సాయంత్రం దాకా అదే నా సినిమా.

ఆవిడ భర్త సిటీ బస్సు డ్రైవరు. నేను బావగారు అంటాను. బస్సులో ముందు ఒక బోర్డు ఉంటుంది కదా, డ్రైవరుతో మాట్లాడరాదు అని. ఆయన ఆ బోర్డు ఇంటికి కూడా తెచ్చుకున్నాడని అక్క ఎగతాళి చేసేది. ఆయన వినేవాడు, నవ్వీ నవ్వనట్టు నవ్వేవాడు, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయేవాడు. పిల్లలు లేరు వాళ్ళకి. ఒకరి మాటలు ఇద్దరికీ సరిపోయేవి.

ఆ మనిషి నోరు విప్పి గట్టిగా వద్దన్నది ఒక్క విషయంలోనే, ఈ ఫ్లాటు విషయంలో. అప్పటిదాకా వాళ్ళది అద్దె కొంపే. బిల్డింగు పాతది, అప్పు పెద్దది, మనకెందుకు అన్నాడాయన. అక్క వింటుందా? మేకు కొట్టాలన్నా ఇంటివాళ్ళని అడగాల్సిన బతుకు ఎన్నాళ్ళు, నా గోడకి నా మేకు కొట్టుకుని చస్తాను అంది. ఆయన్ని సాధించి సాధించి కొనిపించింది. లోను ఇచ్చిన బ్యాంకువాళ్ళే ఇంటికి ఇన్సూరెన్సు కూడా అంటగట్టారు. "కాలినా కూలినా వాళ్ళే కట్టిస్తారంట, ఇంక మనకి దిగుల్లేదు" అని నవ్వుతూ చెప్పింది నాతో. గోడకి మేకులు కొట్టిన రోజున నన్ను పిలిచి మరీ చూపించింది.

మా బిల్డింగులో ప్రతి వంటింటి మూలనా సన్నటి సందు ఒకటుంది. కింద మీటర్ల గది నుంచి పైదాకా అందరి కరెంటు తీగలూ అందులోంచే పోతాయి. డక్టు అంటారు దాన్ని. దానికి ప్రతి ఇంట్లోనూ ఒక చెక్కతలుపు, ఆ తలుపుకి ఫ్లాట్లవాళ్ళ అసోసియేషన్ తాళం. మన వంటింట్లోనే ఉన్నా అది మనది కాదు, అసోసియేషన్‌ది. దాన్ని ముట్టుకునే హక్కు మనకి లేదు. వాళ్ళింటికి నిప్పంటుకోవడానికి ముందు వేసవిలో అక్క ఆ చెక్కతలుపు వేడెక్కుతోందని పనిగట్టుకుని సెక్రటరీ దగ్గరికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. "చెయ్యి పెడితే కాలిపోతోందండీ, లోపల ఎవరో పొయ్యి రాజేసినట్టుంది" అని చెప్పింది. సెక్రటరీ ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మాటలో మర్యాదకి లోటుండదు. కళ్ళజోడు తుడుచుకుంటూ నవ్వాడు.

"మీకెప్పుడూ ఏదో ఒకటి కాలుతూనే ఉంటుంది కదమ్మా" అన్నాడు.

ఆవిడ కూడా నవ్వేసింది. నేనూ నవ్వాను. ఎలక్ట్రీషియన్‌ని పంపిస్తానన్నాడు. ఎవరూ రాలేదు.

నిప్పంటుకున్న రోజు నాకు ఒంట్లో బాగాలేక ఆవిడ గుమ్మంలోకి నేను వెళ్ళలేదు. ఆవిడే నా గదిలోకి వచ్చింది, చేతిలో ఎవరిదో కోటు, నోట్లో గుండుసూది. "గిన్నె దించేసి స్టవ్వు ఆర్పేసి వచ్చా, నువ్వు చచ్చావో బతికావో చూసిపోదామని" అంది. నా మంచం పట్టె మీద కూర్చుని ఎవరో పెళ్ళికొడుకు ప్యాంటు కథ ఎత్తుకుంది. కథ సగంలో ఉండగా ఫ్యాను ఆగిపోయింది. ప్లాస్టిక్కు కాలిన కంపు. మా ఇంట్లో ఏదో అంటుకుందని నా వంటింట్లోకి పరిగెత్తింది. అక్కడేమీ లేదు. తిరిగి గుమ్మంలోకి వచ్చేసరికి ఆవిడ తలుపు కింద నుంచి పొగ వస్తోంది.

తలుపు తీశాం. వంటింటి మూల ఆ చెక్కతలుపు నిలువునా మండుతోంది. ముందుగదిలో హాంగర్లకి వేలాడే బట్టలు మంటని గోడంతా ఎలా పాకించాయో నేను చెప్పలేను. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని లాగాను. ఆవిడ అప్పుడు ఒక్క మాట కూడా అనలేదు. ఎప్పుడూ అరిచే మనిషి, అరవాల్సిన రోజున నోరు పెగల్లేదు.

ఫైరింజన్ వచ్చింది, ఆర్పింది. మనుషులకేమీ కాలేదు. పడగ్గది మిగిలింది, వంటిల్లూ ముందుగదీ బొగ్గయిపోయాయి. మిషను అస్థిపంజరంలా నిలబడింది.

ఇన్సూరెన్సు సర్వేయరు వెంటనే వచ్చాడని మేం సంతోషించాం. కుర్రవాడు. బూట్లకి ప్లాస్టిక్కు సంచులు కట్టుకుని ఇల్లంతా తిరిగాడు, ఫోటోలు తీశాడు. తర్వాత నా గదిలో కుర్చీ వేస్తే కూర్చుని, ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండమ్మా అన్నాడు. తన సీసాలో మంచినీళ్ళు కూడా ఆవిడకే ఇచ్చాడు. అంత మెత్తగా అడిగితే ఎవరికి ఏడుపు రాదు? ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఇంకొకళ్ళని అనుకుని ఏం లాభం బాబూ. నా చేతులారా నేనే తగలబెట్టుకున్నాను. ఆయన వద్దు వద్దని మొత్తుకుంటున్నా వినలేదు."

నేను వీపు నిమిరాను. ఊరుకో అక్కా, ఎవరి రాత ఎలా ఉందో అన్నాను. ఫ్లాటు కొనిపించింది తానే కదా, ఆ బాధ ఆవిడది. నాకైతే అందులో కొత్తగా వినబడింది ఏమీ లేదు. ఆ కుర్రవాడు తలూపుతూ రాసుకున్నాడు. సంతకం పెట్టమంటే పెట్టింది. వెళ్ళేటప్పుడు ధైర్యంగా ఉండండమ్మా అని కూడా చెప్పాడు. మంచి పిల్లాడు, వాళ్ళమ్మ బాగా పెంచింది అనుకున్నాం ఇద్దరం.

సెక్రటరీ కాలిన ఇంటికి అసోసియేషన్ తాళం వేశాడు. ప్రమాదకరమైన ఇల్లు కాబట్టి అన్నాడు. అక్కావాళ్ళు బావగారి చెల్లెలి ఇంటికి వెళ్ళారు, నాలుగు వీధుల అవతల. హాల్లో టీవీ కింద పక్కలు. ఇల్లు బాగుచేసుకోవడానికి అనుమతి అడిగితే, ముందు ఇన్సూరెన్సువాళ్ళ రిపోర్టు రానివ్వండి అన్నాడు సెక్రటరీ. ఇన్సూరెన్సు ఆఫీసుకి వెళ్తే, ఆ డక్టు ఎవరిదో, ఎప్పుడు బాగుచేయించారో ముందు అసోసియేషన్ నుంచి రాయించుకు రండి అన్నారు. మళ్ళీ సెక్రటరీ. అలా రాయాలంటే మీటింగు పెట్టాలి, మీటింగుకి కోరం ఉండాలి అన్నాడు. మీటింగు పెట్టారు, కింద పార్కింగులో కుర్చీలు వేసి. కోరం రాలేదు. ఇంకోసారి పెట్టారు, అప్పుడు కోరం వచ్చింది గానీ సెక్రటరీకి జ్వరం వచ్చింది. మూడోసారి అందరూ వచ్చారు. లిఫ్టు అద్దం ఎవరు పగలగొట్టారు అన్నదాని మీద గొడవపడి లేచి వెళ్ళిపోయారు. మూడో అంతస్తు గోడ బయటికి నల్లగా కనబడి బిల్డింగు అందం చెడిపోతోంది, సున్నం వేయించుకోవాలి అని మాత్రం అక్క మీద తీర్మానం చేశారు. లోపలికి వెళ్ళనివ్వరు, బయట సున్నం వేయమంటారు.

ఇన్సూరెన్సు ఆఫీసులో నాలుగో కౌంటరు దగ్గర ఒకావిడ కూర్చునేది. వేలికి రబ్బరు తొడుగు వేసుకుని కాగితాలు తిప్పుతూ ఉండేది. మేం వెళ్ళిన ప్రతిసారీ ఫైలు పైకి వెళ్ళిందనే చెప్పేది. ఎంత పైకమ్మా, ఈపాటికి దేవుడి దగ్గరికి చేరుండాలే అనేది అక్క. ఒకరోజు ఆ కౌంటరావిడకి విసుగొచ్చింది.

"ఏంటమ్మా, వారానికోసారి వస్తారు, కొంపలంటుకున్నట్టు!"

"అంటుకుందమ్మా. అందుకే వస్తున్నాం" అంది అక్క.

వరసలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. ఆ కౌంటరావిడ కూడా నవ్వాపుకోలేక రబ్బరు తొడుగు నోటికి అడ్డం పెట్టుకుంది. బస్సులో ఇంటికొస్తూ అక్క ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పుకుని నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేను ఆఖరిసారి చూసింది ఆ బస్సులోనే.

తర్వాత పిలుపొచ్చింది, స్వయంగా రమ్మని. ఈసారి బావగారు కూడా సెలవు పెట్టుకుని వచ్చాడు. ఆయన గోడవార బెంచీ మీద అన్నం డబ్బా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేనూ అక్కా టేబులు ముందు. కొత్తగా వచ్చిన ఆఫీసరు, నలభై ఏళ్ళుంటాయి, నీటుగా దువ్విన తల. ఫైలు తిరగేసి తలెత్తాడు.

"క్లెయిము ఎలా కుదురుతుందమ్మా? మీరే తగలబెట్టినట్టు మీరే చెప్పారు కదా."

అక్క ముందు నవ్వింది. ఇంకెవరి ఫైలో చూస్తున్నాడు అనుకుంది. ఆయన చదివి వినిపించాడు. ఇంటి యజమానురాలు తన చేతులతో తానే ఇంటిని తగలబెట్టినట్లు, భర్త వారించినా వినలేదని, ఏడుస్తూ స్వయంగా తెలిపారు. కింద సంతకం. అవన్నీ ఆవిడ మాటలే. ఆవిడ మాత్రం ఆ మాట అనలేదు.

"అది... ఇల్లు కొనడం గురించి బాబూ. ఆయన వద్దన్నాడు, నేను కొనిపించాను. అందుకని అలా అన్నాను."

"కొన్నానని చెప్పాల్సింది. తగలబెట్టానని ఎందుకన్నారు?"

"అలా అంటాం కదా బాబూ."

"అంటాం అంటే కుదరదమ్మా. మా సర్వేయరు అన్నది అన్నట్టే రాశాడు."

నేను కలగజేసుకున్నాను. స్టవ్వు ఆర్పి నా దగ్గరికొచ్చి కూర్చుంది సార్, మంట డక్టులోంచి వచ్చింది, నేను చూశాను అన్నాను. మీరేమవుతారు అని అడిగాడు. ఎదురింటిదాన్ని అన్నాను. అయితే అదే డక్టు మీ ఇంట్లోనూ ఉంటుంది కదా, తప్పు దాని మీదికి పోతే మీకూ లాభమే, మీ మాట ఎలా పనికొస్తుంది అన్నాడు. అడిగిన తీరు మాత్రం చాలా మర్యాదగా ఉంది.

 అక్క బెంచీ మీద ఉన్న బావగారి వైపు చూసి నుదురు కొట్టుకుంది. "అయిపోయింది. ఇవాళ ఈయన నన్ను చంపేస్తాడు" అంది.

ఆఫీసరు పెన్ను అందుకున్నాడు. "మీ భర్త కొడతారా అమ్మా? భయం లేకుండా చెప్పండి. ఆయన్ని బయటికి పంపించమంటారా?"

గదిలో అందరూ బావగారి వైపు తిరిగారు. ఆయన ఒళ్ళోని సంచిని గట్టిగా పట్టుకుని, ఏం జరుగుతోందో తెలియక, లేచి నిలబడ్డాడు. పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ మీద గొంతెత్తని మనిషి. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి మళ్ళీ పూర్తిగా తీసిందని నేననుకోను.

ఎంక్వయిరీ వేస్తామన్నారు. ఆ సంగతి బిల్డింగుకి ఎలా చేరిందో గానీ చేరింది. అసోసియేషన్‌లో అందరి కళ్ళూ ఒక్కసారి వెలిగాయి. డక్టు మాట ఎత్తేవాళ్ళే లేరింక. ఇంతమంది ప్రాణాలతో ఆటలాడుకుంది అన్నారు కొందరు. ఆవిడ దగ్గర పిల్లల జిప్పులన్నీ ఊరికే బాగుచేయించుకున్నవాళ్ళే. టపాకాయ కదా, ఎప్పటికైనా పేలేదే అని మెట్ల మీద ఎవరో అంటే నేను బకెట్టు విసిరేశాను. తగల్లేదు, అదే నా బాధ.

ఆడపడుచు ఇంట్లో వేరే రకం. ఆమె చెడ్డది కాదు. పొద్దున అక్క లేచి వంటింట్లోకి వెళ్తే, "నువ్వు కూర్చో వదినా, స్టవ్వు నేను వెలిగిస్తాలే" అనేది. టీకీ అంతే, రాత్రి వంటకీ అంతే. ఒకసారి అక్క అగ్గిపెట్టె ఎక్కడుందని అడిగితే, దేనికి వదినా అని ఆమె అడిగిన గొంతు నేనూ విన్నాను. దుప్పట్లు మడత పెట్టే పని ఒక్కటే అక్కకి వదిలారు.

వానలు మొదలయ్యాయి. కిటికీ కాలిపోయిన ఇంట్లోకి నీళ్ళు పడుతుంటే తాళం వేసిన తలుపు ఇవతల నిలబడి మేం ఆ చప్పుడు విన్నాం. పడగ్గదిలో మిగిలిన పరుపు, బీరువా, ఎవరెవరివో కుట్టి పెట్టిన బట్టలు, అన్నీ బూజు పట్టిపోతున్నాయి. తాళం తీయండి, సామానైనా తెచ్చుకుంటాం అంటే, ఎంక్వయిరీ తేలేదాకా ముట్టుకోకూడదమ్మా, రేపు మేం జవాబు చెప్పుకోవాలి అన్నాడు సెక్రటరీ. అక్క ఆయన్ని ఏమీ తిట్టలేదు. సరేనండి అంది. 

అప్పటికే ఆవిడ మాట మారిపోయింది. తలనొప్పి వస్తే తల పగిలిపోతోంది అనడం లేదు, తల కొంచెం నొప్పిగా ఉంది అంటోంది. ఆకలేస్తోందా అంటే ఒక్క క్షణం ఆగి, ఎంత ఆకలో లోపల కొలుచుకుని, కాస్త అంటోంది. మెడలో టేపు పోయి నోట్లోకి వచ్చింది.

ఎంక్వయిరీకి పెద్దాఫీసరు ముందు కూర్చోబెట్టారు. పక్కన సెక్రటరీ కూడా ఉన్నాడు, అసోసియేషన్ తరఫున. టేబులు మీద మాటలు రికార్డు చేసే డబ్బా. ఏది అడిగినా అక్క అవును, కాదు, తెలియదు, అంతే. పెద్దాఫీసరుకి అదీ అనుమానంగానే ఉన్నట్టుంది. అప్పుడు అంత వివరంగా చెప్పినావిడ ఇప్పుడింత తక్కువగా చెబుతున్నారేం అన్నాడు. 

అప్పుడు బావగారు మాట్లాడాడు. నాకు తెలిసి ఫ్లాటు వద్దన్న తర్వాత మళ్ళీ ఆయన నోరు విప్పింది అప్పుడే.

"సార్, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈవిడ నన్ను రోజుకోసారి చంపేస్తానంటోంది. నేను బతికే ఉన్నాను. అది కూడా రాసుకోండి."

పెద్దాఫీసరు పెన్ను కింద పెట్టి మనసారా నవ్వాడు. సెక్రటరీ నవ్వాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఇంక గెలిచాం అనుకున్నాను. పెద్దాఫీసరు కళ్ళు తుడుచుకుని అన్నాడు కదా, "మీ బాధ నాకు అర్థమైందండీ. కానీ దీన్ని ఏ గడిలో రాయమంటారు?"

ఆయనే ఒక దారి చెప్పాడు. చెడ్డవాడు కాదు, నిజంగా సాయం చేద్దామనే చెప్పాడు. పాత మాట వెనక్కి తీసుకోవడం కుదరదు, దాన్ని సరిచేయొచ్చు. తగలబెట్టాను అంటే, స్టవ్వు ఆర్పడం మర్చిపోయాను, దానివల్ల అంటుకుంది, అందుకే అలా అన్నాను అని. అప్పుడది అజాగ్రత్త కిందికి వస్తుంది. అడిగినంత రాదు గానీ ఎంతో కొంత వస్తుంది, ఫైలు ఈ నెలలోనే మూసేస్తాం అన్నాడు. సెక్రటరీ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు ముందుకి జరిగాడు. అలా అయితే డక్టు సంగతే రాదు కాబట్టి, మీటింగుతో పని లేకుండా తానే బాగుచేసుకోవడానికి అనుమతి ఇచ్చేస్తానన్నాడు. తాళంచెవి కూడా అప్పుడే ఇచ్చేస్తాడట.

ఆలోచించుకోండి అని మమ్మల్ని వరండాలోకి పంపారు. అక్కడ టీ మిషను పక్కన నిలబడ్డాం. బావగారు ఒప్పుకోలేదు. ఆర్పింది కదా, ఆర్పలేదని ఎలా చెప్తుంది అన్నాడు.  రోడ్డు మీద పడుకున్నా సరే, ఆ మాట నువ్వు చెప్పొద్దు అన్నాడు. నేనూ వద్దనే అన్నాను. రేపు ఎవరింట్లో స్టవ్వు దగ్గరికి రానిస్తారు నిన్ను అన్నాను.

అక్క టీ కప్పు అంచు గిల్లుతూ విన్నది. "ఇప్పుడు మాత్రం రానిస్తున్నారా" అంది. కప్పు పక్కన పెట్టి, "నేను నా ఇంటికి వెళ్ళాలి" అంది. బతిమాలినట్టు కూడా అనలేదు. బస్సు ఏ స్టాపులో ఆగుతుందో చెప్పినట్టు చెప్పింది.

లోపలికి వెళ్ళి కూర్చుని, ఆ డబ్బా వైపు చూసి చెప్పింది. "స్టవ్వు ఆర్పలేదు. మర్చిపోయాను."

ఒక్క పిసరు కూడా పెంచకుండా, కొలిచినట్టు చెప్పిన మాట అది. పచ్చి అబద్ధం. వెంటనే నమ్మారు. ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. పెద్దాఫీసరు టీ తెప్పించాడు. సెక్రటరీ జేబులోంచి తాళంచెవి తీసి టేబులు మీద పెట్టాడు, అంటే పొద్దున ఇంటి దగ్గర నుంచే వెంట తెచ్చుకున్నాడన్నమాట.

ఇల్లు బాగుపడింది. గోడలకి లేత పసుపు రంగు. మిషను సెకండ్‌హ్యాండుది, చప్పుడెక్కువ. గోడకి మేకులు లేవు, కొట్టించుకోలేదు. బట్టలన్నీ మడిచి పెట్టెలో పెట్టుకుంటోంది. వాళ్ళు వచ్చిన మర్నెల్లోనే అసోసియేషనే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి పైనుంచి కిందదాకా డక్టులో తీగలన్నీ మార్పించింది, చెక్కతలుపులు తీసేసి ఇనప తలుపులు వేయించింది. ముందుజాగ్రత్త అని నోటీసు బోర్డులో రాశారు. కిందనే ఇంకో లైను, దయచేసి అందరూ బయటికి వెళ్ళేముందు స్టవ్వు ఆర్పారో లేదో చూసుకోగలరు. ఆ రెండో లైను నేను చాకుతో గీకేశాను. మళ్ళీ అంటించారు.

పిల్లలు ఇప్పటికీ చిరిగిన యూనిఫారాలు తెస్తారు. ఎల్లుండి రా బాబూ అంటుంది. వాళ్ళు ఇంకా ఏదో అంటుందేమోనని కాసేపు నిలబడి, ఏమీ అనకపోతే వెళ్ళిపోతారు. టపాకాయ పెద్దమ్మ అని ఎవరూ పిలవడం లేదు, వాళ్ళమ్మలు వద్దన్నారట. బావగారు ఈమధ్య ఇంట్లో మాట్లాడటం మొదలుపెట్టాడు. బస్సులో ఎవరు ఏమన్నారో, ఏ సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగిందో, వెతుక్కుని వెతుక్కుని చెబుతాడు. రాని పని చేస్తున్నట్టుంటుంది పాపం. ఆవిడ వింటుంది.

మొన్న నేను స్కూలు నుంచి వచ్చి, చెప్పులు నా గుమ్మంలో విప్పి, ఆవిడ గుమ్మంలో కూలబడ్డాను. ఎలాగైనా ఆవిణ్ణి కదిలిద్దామని కావాలనే గొంతు పెంచాను. "అక్కా, ఆకలితో చచ్చిపోతున్నాను. ఏదన్నా పెడతావా, లేకపోతే నిన్నే నమిలి మింగేయనా?"

మిషను ఆగిపోయింది. ఆవిడ లేచి, నన్ను దాటుకుని, మెట్ల మీద ఎవరన్నా ఉన్నారేమో తొంగి చూసింది. తలుపు దగ్గరగా వేసింది.

"అలా అనకే" అంది మెల్లగా. "ఎవరన్నా రాసుకుంటారు."